పేరు తెలియని రోగానికి పూత మందు



పాన్‌గల్ మండలములో గాని, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాలలో మరే పల్లెలో గాని ఒంటిపై దురద పుట్టిన మనిషి మొదట ఎక్కడికి వెళ్తాడో మీకు తెలుసు. మెడికల్ షాపుకు వెళ్ళి "దురదకు ఏదన్న ట్యూబు ఇయ్యి" అంటాడు. అక్కడున్నవారు మచ్చను చూడరు, ఎన్నాళ్ళ నుంచి ఉన్నదని అడగరు, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా అని విచారించరు. ట్యూబు చేతిలో పెట్టి డబ్బు తీసుకుంటారు. రెండు రోజులలో దురద తగ్గుతుంది. పూత ఆపిన వారానికి మచ్చ మునుపటికన్న పెద్దదై తిరిగి వస్తుంది. మళ్ళీ అదే షాపు, అదే ట్యూబు. ఈ తిరుగుడు నెలలు, కొందరిలో ఏళ్ళు సాగుతుంది.

నేను చెప్పదలచినది ఒక్కటే. రోగానికి పేరు పెట్టకుండా చర్మానికి మందు పూయడము వైద్యము కాదు, రోగాన్ని దాచిపెట్టడము. దాగిన రోగము తామర అయితే ఇల్లంతా అంటుకుంటుంది. కుష్ఠు అయితే వేళ్ళు పోతాయి. క్యాన్సర్ అయితే ప్రాణమే పోతుంది. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును. అయినా చెప్పక తప్పదు.

ఆ ట్యూబులో ఏమున్నది?

మీ ఇంట్లో అటువంటి ట్యూబు ఉంటే తీసి, దానిపై సన్నని అక్షరాలను చదవండి. చాలా వాటిలో మూడు రకాల మందులు కనిపిస్తాయి. మొదటిది శిలీంధ్రాన్ని చంపేది: క్లోట్రిమజోల్, మైకొనజోల్ వంటిది. రెండవది సూక్ష్మజీవులను చంపేది: నియోమైసిన్, జెంటామైసిన్ వంటిది. మూడవది స్టెరాయిడ్: క్లోబెటాసాల్, బీటామెథసోన్ వంటిది. తామరకు మొదటి రకము కావాలి. చీము పొక్కులకు రెండవ రకము కావాలి. ఎగ్జిమాకు మూడవది కావాలి. మూడింటినీ ఒకే ముద్దగా కలిపి ఇవ్వడమంటే, "నీ రోగమేమిటో నాకు తెలియదు, తెలుసుకొనే శ్రమ కూడా పడను" అని చెప్పడమే.

స్టెరాయిడ్లను నేను నిందించడము లేదు. వాటిపై పరిశోధనకు 1950లో నోబెల్ బహుమతి లభించింది. 1952లో హైడ్రోకార్టిసోన్ పూతగా వాడుకలోకి వచ్చిన తరువాత ఎగ్జిమా, సోరియాసిస్ వంటి రోగాలతో బాధపడేవారి బ్రతుకు మారింది. అయితే అవి ఎవరికి, ఎక్కడ, ఎంత బలము గలవి, ఎన్ని రోజులు అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలిసిన తరువాతనే వాడవలసిన మందులు. క్లోబెటాసాల్ పూత మందులలో అత్యంత బలమైన తరగతికి చెందుతుంది; హైడ్రోకార్టిసోన్ కన్న కొన్ని వందల రెట్లు శక్తిమంతమైనది. దానిని గజ్జలలోను, చంకలలోను, ముఖము మీద, పసిపిల్లల తొడల మీద నెలల తరబడి పూస్తున్నారు.

తామరపై అది చేసే పని చూడండి. చర్మము ఎర్రబడడము, దురద పుట్టడము శిలీంధ్రముతో శరీరము చేస్తున్న పోరాటానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది. పోరు ఆగినందున దురద ఆగుతుంది. శిలీంధ్రము మాత్రము అడ్డు లేకుండా మేస్తూనే ఉంటుంది. అంచు ఎర్రగా, నడుమ తేటగా ఉండవలసిన తామర తన రూపు కోల్పోయి, చూసిన వైద్యుడు కూడా పోల్చుకోలేని స్థితికి చేరుతుంది. దీనినే మారువేషపు తామర అనవచ్చును. అయివ్, మార్క్స్ అనే వైద్యులు 1968లోనే దీనిని వర్ణించి పేరు పెట్టారు. అర్ధ శతాబ్దము దాటినా మన షాపులకు ఆ వార్త చేరలేదు.

తామర పోయినా పూత చేసిన హాని పోదు. గజ్జలలో, తొడలలో చర్మము పలచబడి చారలు పడతాయి. అవి జీవితాంతము ఉంటాయి. ముఖముపై మంగు మచ్చలకని, తెల్లబడడానికని పూసుకున్న యువతులకు మొటిమలు, ఎర్రని రక్తనాళాల గీతలు, అవాంఛిత రోమాలు వస్తాయి. పూత మానితే ముఖము మండుతుంది కాబట్టి మానలేరు. దేశములోని 12 చర్మవైద్య కేంద్రాలలో ముఖవ్యాధులతో వచ్చిన 2926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనములో 433 మంది, అంటే నూటికి దాదాపు 15 మంది, ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నవారే. వారిలో సగానికి మించినవారికి ఆ సలహా ఇచ్చినది వైద్యులు కారు.

పాలమూరు కష్టజీవికి ఇది మరింత కీడు

తామర శిలీంధ్రానికి కావలసినవి వేడి, చెమట, తడి, ఇరుకు. వలస కూలీ జీవితములో ఈ నాలుగూ ఉన్నాయి. గుంపు మేస్త్రి వెంట బొంబాయి, పూనా వెళ్ళినవారు ఒకే గదిలో పది మంది పడుకుంటారు. ఒకే తాడుపై బట్టలు ఆరవేస్తారు. ఒకరి తువ్వాలు ఒకరు వాడతారు. పండుగకు ఊరికి వచ్చినప్పుడు తామర కూడా వెంట వస్తుంది. ఊళ్ళో ఉన్నవారికి జూరాల, భీమా, కల్వకుర్తి నీళ్ళు వచ్చాక వరి మళ్ళు పెరిగాయి. నాట్ల కాలములో గంటల తరబడి తడిలో నిలబడక తప్పదు. యువకులు ఎండలో కూడా బిగుతు జీన్సు విడవరు. ఇల్లాలికి, పిల్లలకు, ముసలివారికి వరుసగా అంటుకుంటుంది. ఒక్కరికే ట్యూబు తెచ్చి నలుగురూ పూసుకుంటారు.

శిలీంధ్రము కూడా మునుపటిది కాదు. ఇప్పుడు మన దేశములో ప్రబలిన రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులోనే మన దేశము ఉన్నది. తామరకు దశాబ్దాలుగా నమ్మకముగా వాడిన టెర్బినాఫిన్ పని చేసే చోట, అంటే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే జీవోత్ప్రేరకములో, మార్పులు తెచ్చుకొని ఈ శిలీంధ్రము ఆ మందుకు లొంగకుండా పోతున్నది. రెండు మూడు వారాలలో నయమయ్యే రోగానికి నేడు నెలల తరబడి ఇట్రకొనజోల్ వంటి మందులు మింగవలసి వస్తున్నది. స్టెరాయిడ్ మిశ్రమాల దుర్వినియోగము ఈ దుస్థితికి ముఖ్య కారణాలలో ఒకటని చర్మవైద్యులు ఎన్నాళ్ళుగానో మొరపెట్టుకుంటున్నారు. 2023లో న్యూయార్కులో ఇద్దరు స్త్రీలకు ఇదే శిలీంధ్రము సోకినట్టు అమెరికా ఆరోగ్య శాఖవారు ప్రకటించారు. వారిలో ఒకరు విదేశానికి వెళ్ళినవారే కారు. మనము అలక్ష్యము చేసిన తామర సముద్రాలు దాటింది.

ఇంతకూ తామరను గుర్తించడానికి ఏమి కావాలి? మచ్చ అంచు నుంచి గీరిన కాస్త పొట్టు, ఒక గాజు పలక, ఒక చుక్క పొటాసియమ్ హైడ్రాక్సైడ్ ద్రావణము, ఒక సూక్ష్మదర్శిని. కొద్ది నిమిషాల పని. దీని ఖర్చు ఒక ట్యూబు ఖర్చుకన్న తక్కువ.

కుష్ఠు: దురద లేని మచ్చను అడిగేవారేరి?

తామర కనీసము దురదతో మనలను హెచ్చరిస్తుంది. కుష్ఠు మచ్చకు దురద లేదు, నొప్పి లేదు. చుట్టూ ఉన్న చర్మముకన్న కాస్త వెలిసినట్టుగానో, ఎర్రగానో ఉంటుంది. స్పర్శ తగ్గడమే దాని గుర్తు. కళ్ళు మూసుకోమని చెప్పి దూది పోగుతో ఆ మచ్చను తాకితే తగిలినట్టు తెలియదు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అయినా షాపులో ఎవరు చేస్తారు? "తెల్లమచ్చకు ట్యూబు" అని ఒకటి ఇస్తారు. రోగి ఏడాది పూస్తాడు. ఆ ఏడాదిలో మోచేతి వెనుక నరము చెడిపోయి చిటికెన వేలు ముడుచుకుంటుంది. సకాలములో మందు అందక చచ్చిపోయిన నరము తిరిగి బ్రతకదు.

తెలంగాణకు ఈ రోగముతో పాత పరిచయమే ఉన్నది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు రాజా నర్సాగౌడు గారి విరాళముతో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పారు. ఆనాడు చాల్మోగ్రా నూనె తప్ప వేరు గతి లేదు. నేడు రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిపిన చికిత్స ఉన్నది. రోగము స్వల్పమైతే 6 నెలలు, విస్తరించినదైతే 12 నెలలు వాడితే నయమవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితముగా ఇస్తారు. పదివేల మందికి ఒకరికన్న తక్కువకు చేరినందున 2005 డిసెంబరు నాటికి దేశములో కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు ప్రకటించారు. జనులు దీనిని "కుష్ఠు పోయింది" అని అర్థము చేసుకున్నారు. పోలేదు. ప్రపంచములో ఏటా కొత్తగా కనుగొనే కుష్ఠురోగులలో సగానికి పైగా నేటికీ మన దేశములోనే ఉన్నారు. మందు ఉచితముగా ఉండి, పరీక్షకు దూది పోగు చాలి ఉండి, ఒక మనిషి వేళ్ళు పోగొట్టుకుంటే ఆ నింద రోగానిది కాదు.

క్యాన్సర్: పుండు మానలేదంటే పేరు అడగండి

"మన నల్లని చర్మానికి క్యాన్సర్ రాదు" అని చదువుకున్నవారు కూడా అంటారు. ఇది సగము నిజము. చర్మములోని మెలనిన్ సూర్యకిరణాల నుంచి మనలను కాపాడుతుంది. తెల్లవారిలో కన్న మనలో చర్మ క్యాన్సర్లు తక్కువ. కాని ఎండతో సంబంధము లేని చోట్ల కూడా అవి పుడతాయి. మనవారిలో మెలనోమా తరచు కనిపించేది అరికాలిలో, అరచేతిలో, గోళ్ళ కింద. చెప్పులు లేకుండా చేలో నడిచే రైతు అరికాలిలో నల్లమచ్చను చూసి ముల్లు విరిగిందనుకుంటాడు, ఆనెకాయ అనుకుంటాడు, బ్లేడుతో చెక్కుకుంటాడు. ప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవ్రేలి గోటి కింద పుట్టిన మచ్చను మొదట బంతి ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది. 1981లో 36 ఏళ్ళకే ఆయన మరణించాడు. పేరుప్రఖ్యాతులు, సంపద ఉన్నవారికే ఇట్లా జరిగితే మన పల్లెల సంగతి చెప్పాలా?

పాత కాలిన మచ్చలలోను, ఏళ్ళ తరబడి మానని పుండ్లలోను పొలుసుకణాల క్యాన్సర్ పుడుతుంది. మన స్త్రీలు మరొకటి గమనించాలి. లంగా నాడాను నడుముకు ఒకే చోట బిగించి కట్టినందువల్ల అక్కడ చర్మము నల్లబడి, పొట్టు రాలి, ఒరుసుకొని పుండు పడి, అరుదుగా క్యాన్సరుగా మారడము మన దేశ వైద్యులకు కొత్త కాదు. వర్ధా, మధుబని వైద్యులు 2024లో ఇటువంటి ఇద్దరు వృద్ధ స్త్రీల వృత్తాంతము ప్రచురించారు. ఒకామెకు ఏడాదిన్నర నుంచి, మరొకామెకు రెండేళ్ళ నుంచి నడుము పక్కన పుండు మానలేదు. రెండవ ఆమెకు అప్పటికే గజ్జలోని రసగ్రంథులకు పాకింది. నాడాకు బదులు వెడల్పు పట్టీ వాడడము, వదులుగా కట్టుకోవడము, కట్టే చోటు మార్చడము ఎవరికైనా సాధ్యమే.

పూత మందుకు అత్యంత ప్రమాదకరముగా దాగేవి మరి మూడు ఉన్నాయి. బోవెన్ వ్యాధి అనే తొలిదశ క్యాన్సర్ ఎర్రని పొలుసు మచ్చగా, చూపుకు ఎగ్జిమావలె ఉంటుంది. చర్మానికి వచ్చే ఒక రకము లింఫోమా ఏళ్ళ తరబడి తామరవలెనో, ఎగ్జిమావలెనో నటిస్తుంది. స్టెరాయిడ్ పూస్తే కొంత తగ్గి మోసగిస్తుంది. మూడవది పాజెట్ వ్యాధి. ఒక వైపు చనుమొనపై మాత్రమే పొక్కి, రసి కారి, మానని "ఎగ్జిమా" రొమ్ము క్యాన్సర్ కావచ్చును. సిగ్గుపడి ఎవరికీ చూపక, ఇంటి మనిషి చేత షాపు నుంచి ట్యూబు తెప్పించుకొని పూసుకొనే అమ్మ ఎన్ని నెలలు పోగొట్టుకుంటుందో ఆలోచించండి.

వీటన్నిటినీ తేల్చేది బయాప్సీ. మొద్దుబార్చే సూది ఇచ్చి కొద్ది మిల్లీమీటర్ల ముక్క తీసి పరీక్షకు పంపుతారు. "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అన్న మాట మన ఊళ్ళలో బలముగా నాటుకొని ఉన్నది. పాకించేది కత్తి కాదు, కాలయాపన. తొలి దశలో చుట్టూ కాస్త మంచి చర్మముతో సహా కోసి తీసివేస్తే చర్మ క్యాన్సర్లు చాలావరకు పూర్తిగా నయమవుతాయి. ఆలస్యమైతే కాలు తీయవలసి రావచ్చును, ప్రాణమే దక్కకపోవచ్చును.

చట్టము ఉన్నది, అమలు ఏది?

ఔషధ నియమావళిలోని హెచ్ జాబితా మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. స్టెరాయిడ్లు ఆ జాబితాలో ఉన్నవే. కాని పై పూతగా వాడే వాటికి చాలాకాలము మినహాయింపు ఉండేది. చర్మవైద్యులు ఏళ్ళ తరబడి పోరాడగా, 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వము 14 స్టెరాయిడ్ పూతలకు ఆ మినహాయింపును తొలగించింది. అదే ఏడాది సెప్టెంబరులో 328 మిశ్రమ ఔషధాలను నిషేధించింది. వాటిలో స్టెరాయిడ్ కలిసిన చర్మపు పూతలు కూడా కొన్ని ఉన్నాయి. చట్టము వచ్చింది. ఇక మీరే చెప్పండి: మీ ఊళ్ళో, మీ మండల కేంద్రములో, ట్యూబు అడిగినప్పుడు చీటీ చూపమన్న షాపు ఏది?

"డాక్టరుగారూ, చర్మవైద్యుడు హైదరాబాదులో ఉన్నాడు, షాపు వీధి చివర ఉన్నది. పేదవాడు ఏమి చేస్తాడు?" అని నన్ను అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఒకప్పుడు నా వద్ద దీనికి జవాబు లేదు. ఇప్పుడు ఉన్నది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ప్రతి వైద్య కళాశాలలో చర్మ, సుఖ, కుష్ఠువ్యాధుల విభాగము ఉండవలసినదే. పాన్‌గల్ నుంచి వనపర్తికి బస్సు ఎక్కితే చాలు. బస్సు చార్జి, ఒక పూట కూలి నష్టము ఉన్న మాట నిజమే. ఏడాది పొడుగునా కొన్న ట్యూబుల లెక్క వేసి చూడండి, ఏది ఎక్కువో తేలుతుంది.

"ఊళ్ళో ఆర్.ఎం.పి. లేకపోతే మాకు దిక్కెవరు?" అని మరికొందరు అంటారు. అర్ధరాత్రి జ్వరానికి పలికేది ఆయనే, కాదనను. అందుకే ఆయనను కోరుతున్నాను: మీకు పేరు తెలియని మచ్చకు మందు రాయకండి, వనపర్తికి పంపండి. పంపినందువల్ల మీ గౌరవము తగ్గదు, పెరుగుతుంది.

నా వృత్తి సోదరులు కూడా తప్పించుకోలేరు. రోగి చొక్కా విప్పించి చూడకుండా, మంచి వెలుతురులోకి రమ్మనకుండా, మూడు మందుల ముద్దను చీటీపై రాసే వైద్యులు ఉన్నారు. షాపువాడు నేర్చుకున్నది ఆ చీటీల నుంచే.

ఏమి జరగాలి?

ప్రభుత్వాన్ని కోరవలసినవి మూడు. వనపర్తి వైద్య కళాశాల చర్మ విభాగము నుంచి వారానికి ఒక పూట వైద్యుడు పాన్‌గల్ వంటి మండల కేంద్రాలకు రావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో తామరకు పొట్టు పరీక్ష జరగాలి. మలేరియాకు, క్షయకు వాడే సూక్ష్మదర్శినియే దీనికీ చాలు. ఔషధ తనిఖీ అధికారులు స్టెరాయిడ్ పూతల కొనుగోలు లెక్కను, చీటీల లెక్కను పక్కపక్కన పెట్టి చూడాలి. ఇవి కోట్ల ఖర్చు కోరే పనులు కావు, మనసు పెట్టవలసిన పనులు.

పాఠకులుగా మీరు చేయవలసినవి కూడా ఉన్నాయి. ట్యూబుపై క్లోబెటాసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ వంటి పేర్లు కనిపిస్తే వైద్యుడు చెప్పనిదే పూయకండి. ఇప్పటికే నెలల తరబడి ముఖానికి పూస్తున్నవారు ఉన్నట్టుండి మానక వైద్యుని పర్యవేక్షణలో తగ్గించుకోండి. తామర ఉంటే ఇంటిల్లిపాదీ ఒకేసారి చూపించుకోండి. తువ్వాళ్ళు, లోదుస్తులు వేరుగా ఉతికి ఎండలో ఆరవేయండి. మచ్చ మాయమైనా చెప్పిన గడువు వరకు మందు మానకండి. స్పర్శ లేని మచ్చ, నాలుగు వారాలలో మానని పుండు, రంగు గాని ఆకారము గాని మారే పుట్టుమచ్చ, అరికాలిలో కొత్తగా వచ్చిన నల్లమచ్చ, గోటిలో వెడల్పయ్యే నల్లని గీత, పాత కాలిన మచ్చలో లేచిన కంతి: వీటిలో ఏది కనిపించినా షాపు మెట్లు ఎక్కకండి, ఆసుపత్రికి వెళ్ళండి. క్యాన్సర్ అని తేలినా బెదరకండి, హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది, ఆరోగ్యశ్రీ ఉన్నది.

ఏ వైద్యుని ముందు కూర్చున్నా ఒక ప్రశ్న అడగండి: "నా రోగము పేరేమిటి?" పేరు చెప్పగలిగితే మందు తీసుకోండి. వెంటనే చెప్పలేక, పరీక్ష చేసి చెప్తానంటే ఓపిక పట్టండి, ఆయన మంచి వైద్యుడు. పేరూ చెప్పక, పరీక్షా చేయక ట్యూబు చేతికిస్తే, దానిని అక్కడే వదిలి లేచి రండి.